రివాల్వర్ తూటాలు ఇంట్లోనే నింపుకోవచ్చా? లైసెన్సుదారులు తెలుసుకోవలసిన విషయాలు

సైబరాబాద్: అమెరికాలో చాలామంది రివాల్వర్ యజమానులు ఒకసారి పేల్చిన తూటా తొడుగును పారవేయరు. దానిని శుభ్రపరచి, కొత్త మందు నింపి, కొత్త గుండు బిగించి మళ్లీ వాడుకుంటారు. అక్కడ అది ఒక వ్యాపకం. ఇంటి గ్యారేజీలో బల్లకు బిగించిన చిన్న యంత్రం ఒకటి ఉంటే పని సాగిపోతుంది. హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో స్థిరపడిన ఐటీ ఉద్యోగులలో కొన్నేళ్లు అమెరికాలో ఉండి తిరిగివచ్చినవారు తక్కువేమీ కాదు. అక్కడ చూసిన పనిని ఇక్కడా చేయవచ్చునని ఎవరైనా అనుకుంటే అది పెద్ద పొరపాటు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం ఏడేళ్లకు తగ్గని జైలుశిక్షకు దారితీసే నేరం. తూటా నింపే యంత్రాన్ని లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం కూడా చిక్కులు తెచ్చిపెట్టేదే. ఈ విషయంలో సాంకేతికాంశాలు ఏమిటి, చట్టం ఏమి చెబుతోంది, లైసెన్సుదారులు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలన్న వివరాలు ఇవి.

తూటాలో ఉండేవి నాలుగు

వాడుకలో తూటా అంటే శరీరంలో దిగే గుండు అనే అర్థం స్థిరపడింది. నిజానికి తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. మొదటిది ఇత్తడి తొడుగు. సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిపిన లోహంతో దీనిని చేస్తారు. రెండోది తొడుగు అడుగున అమర్చే ప్రైమర్. రివాల్వర్ సుత్తి దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది ఇదే. మూడోది మందు. నేటి తూటాలలో నైట్రోసెల్యులోజ్ ఆధారంగా తయారైన పొగరాని మందును వాడతారు. ఫ్రాన్సుకు చెందిన పాల్ వియే 1884లో దీనిని రూపొందించిన తర్వాత పాతకాలపు నల్లని తుపాకిమందు వాడకం క్రమంగా తగ్గిపోయింది. నాలుగోది సీసపు గుండు. కొన్ని రకాలలో దీనిపై రాగి పూత గానీ కవచం గానీ ఉంటుంది.

పేల్చినప్పుడు ప్రైమర్, మందు కాలిపోతాయి. గుండు వెళ్లిపోతుంది. మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే. తూటా ఖరీదులో ఎక్కువ భాగం దానిదే. సరిగా వాడితే అదే తొడుగును పలుమార్లు నింపవచ్చు. అందువల్లనే ఈ పద్ధతి పుట్టింది.

అయితే అన్ని తూటాలనూ తిరిగి నింపడం కుదరదు. .22 బోరు తూటాలలో ప్రైమర్ మిశ్రమం తొడుగు అంచులోనే ఉంటుంది. ఒకసారి సుత్తి దెబ్బకు అంచు నొక్కుకుపోతే ఆ తొడుగు పనికిరాదు. ప్రైమర్ తొడుగు మధ్యలో విడిగా ఉండే తూటాలను మాత్రమే మళ్లీ నింపుతారు. వీటిలోనూ రెండు రకాలు ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన ఎడ్వర్డ్ బాక్సర్ పేరిట వచ్చిన రకంలో తొడుగు అడుగున ఒకే రంధ్రం ఉండడం వల్ల పాత ప్రైమర్‌ను తేలికగా బయటకు నెట్టవచ్చు. అమెరికాకు చెందిన హైరమ్ బెర్డాన్ పేరిట వచ్చిన రకంలో సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. దానిని మళ్లీ నింపడం కష్టం. బ్రిటిష్ అధికారి రూపొందించిన రకం అమెరికాలోనూ, అమెరికా వాసి రూపొందించిన రకం ఐరోపా సైన్యాలలోనూ ఎక్కువగా వ్యాప్తి చెందడం విశేషం.

అమెరికాలో ఎందుకు నింపుకుంటారు

పెద్ద బోరు రివాల్వర్లకూ ఈ వ్యాపకానికీ దగ్గర సంబంధం ఉంది. స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1935లో .357 మాగ్నం రివాల్వర్‌ను విడుదల చేసింది. ఎల్మర్ కీత్ అనే అమెరికన్ రచయిత, వేటగాడు .44 స్పెషల్ తూటాలను సొంతంగా నింపుతూ వాటి శక్తిని పెంచే ప్రయోగాలు చేశారు. ఆయన వంటివారి ఒత్తిడి ఫలితంగానే స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ సంస్థలు 1955 చివర్లో .44 మాగ్నంను తీసుకువచ్చాయి. 2003లో అంతకంటే పెద్దదైన .500 మాగ్నం కూడా వచ్చింది. ఇటువంటి తూటాలు దుకాణంలో కొనాలంటే ఖరీదు ఎక్కువ. సాధనకు తక్కువ శక్తితో, వేటకు ఎక్కువ శక్తితో ఎవరి అవసరానికి తగినట్లు వారు నింపుకునే వెసులుబాటు ఉండడం మరో కారణం.

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఆయుధం కలిగి ఉండే అర్హత గల వ్యక్తి సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. వాటిని వ్యాపారంగా తయారుచేసి అమ్మాలంటే మాత్రం లైసెన్సు తీసుకోవాలి. అక్కడ ప్రైమర్లు, మందు, గుండ్లు, యంత్రాలు దుకాణాలలో దొరుకుతాయి. మందు తయారీ సంస్థలే ఏ తూటాకు ఎంత మందు వేయాలో పట్టికలు ప్రచురిస్తాయి. వాటిని తు.చ. తప్పకుండా పాటించడమే అక్కడి మొదటి నియమం.

పని చిన్నదే, పొరపాటు పెద్దది

పని క్రమం వినడానికి సులభంగానే ఉంటుంది. పేల్చిన తొడుగులను ఏరి, చీలికలు ఉన్నవాటిని తీసివేస్తారు. మిగిలినవాటిని శుభ్రం చేస్తారు. పేలుడు పీడనానికి ఉబ్బిన తొడుగును అచ్చులో నొక్కి మొదటి కొలతకు తెస్తారు. పాత ప్రైమర్ తీసి కొత్తది అమరుస్తారు. మందు తూచి పోస్తారు. గుండును మూతిలో దించి, తొడుగు అంచును దానిపైకి గట్టిగా బిగిస్తారు.

అపాయం ఎక్కడ ఉందో తెలియాలంటే పీడనం సంగతి చూడాలి. 1926లో ఏర్పడిన అమెరికా తుపాకులు, తూటాల తయారీదారుల సంస్థ ఒక్కో రకం తూటాకు గరిష్ఠ పీడనాన్ని నిర్ణయించింది. మన దేశంలో ఎక్కువగా వాడుకలో ఉన్న .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటాకు ఆ పరిమితి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. .38 స్పెషల్‌కు 17,000. .357 మాగ్నంకు 35,000. .44 మాగ్నంకు 36,000. అంటే మాగ్నం తరహా తూటాలలో పీడనం సాధారణ రివాల్వర్ తూటాకు రెట్టింపు. .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటా వాడవచ్చు గానీ, .38 రివాల్వర్‌లో .357 తూటా వాడరాదని చెప్పడానికి కారణం ఇదే. అది సులువుగా పట్టకుండా ఉండేందుకే .357 తొడుగును కొంచెం పొడవుగా చేశారు.

సొంతంగా నింపేవారికి తరచు ఎదురయ్యే ప్రమాదాలు నాలుగు. మొదటిది, ఒకే తొడుగులో రెండుసార్లు మందు పోయడం. రివాల్వర్ తొడుగులు పెద్దవి. కొన్ని రకాల మందు అందులో సగం కూడా నిండదు. అందువల్ల రెండోసారి పోసినా పొంగిపొర్లదు, కంటికి తెలియదు. పేల్చినప్పుడు సిలిండర్ చీలి, ముక్కలు చేతికీ ముఖానికీ తగులుతాయి. రెండోది, అసలు మందు పోయకపోవడం. ప్రైమర్ బలానికి గుండు గొట్టంలోకి జారి మధ్యలోనే ఇరుక్కుపోతుంది. అది గమనించక రెండో తూటా పేలిస్తే గొట్టం పగులుతుంది. మూడోది పెద్ద బోరు రివాల్వర్లకు ప్రత్యేకమైనది. ఒక తూటా పేలినప్పుడు కలిగే వెనుకతన్నుకు సిలిండర్‌లో మిగిలిన తూటాల గుండ్లు ముందుకు జారతాయి. అంచు సరిగా బిగించకపోతే అవి బయటకు పొడుచుకువచ్చి సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. నాలుగోది ప్రైమర్‌ను పూర్తిగా లోపలికి దించకపోవడం. ఉబ్బెత్తుగా ఉన్న ప్రైమర్ వెనుక పలకకు రాసుకుని సిలిండర్‌ను బిగిస్తుంది.

వీటికితోడు ప్రైమర్లలో వాడే లెడ్ స్టిఫ్నేట్ దెబ్బకూ, స్థిరవిద్యుత్తుకూ వెంటనే స్పందిస్తుంది. పేల్చిన తొడుగులను శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆరోగ్యానికి హాని. ఇక టపాసుల మందును గానీ, నాటు తుపాకుల్లో కూరే మందును గానీ నేటి రివాల్వర్ తూటాలలో నింపడమన్నది ఏ దేశంలోనూ ఆమోదించని పని. ఆ మందు కాలే వేగం, పుట్టించే పీడనం లెక్కకు అందవు.

యంత్రమూ మందుగుండే

మన దేశంలో ఆయుధాల విషయాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం నియంత్రిస్తోంది. బ్రిటిష్ పాలనలో వచ్చిన 1878 చట్టం స్థానంలో దీనిని తెచ్చారు. 1962 అక్టోబరు 1 నుంచి ఇది అమలులో ఉంది. దీని కింద ప్రస్తుతం 2016 జులైలో ప్రకటించిన ఆయుధాల నిబంధనలు అమలవుతున్నాయి.

చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ ఆయుధాలను గానీ మందుగుండును గానీ తయారుచేయరాదు, అమ్మరాదు, బదలాయించరాదు, మార్పుచేయరాదు, మరమ్మతు చేయరాదు, పరీక్షించరాదు. ఇక్కడ చాలామంది గమనించని అంశం ఒకటి ఉంది. రివాల్వర్ లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా తయారుచేసే హక్కు రాదు. 3వ సెక్షన్ కింద ఇచ్చేది ఆయుధాన్ని సంపాదించి, దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. తయారీకి ఇచ్చే లైసెన్సు వేరు.

రెండో అంశం మరింత ముఖ్యమైనది. మందుగుండు అంటే ఏమిటో చట్టంలోని 2వ సెక్షన్ వివరించింది. నిండు తూటాలు మాత్రమే కాదు, తుపాకుల్లో వాడే మందు, తూటాల విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. కాబట్టి విదేశాల నుంచి తూటా నింపే యంత్రాన్నో, అచ్చులనో, ప్రైమర్లనో తెప్పించుకుంటే అది సాధారణ పనిముట్ల దిగుమతి కిందకు రాదు. 10వ సెక్షన్ ప్రకారం ఆయుధాలు, మందుగుండు దిగుమతికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. పార్సిల్‌పై వర్కుషాపు సామాను అని రాసినంత మాత్రాన చట్టం దృష్టిలో దాని స్వభావం మారదు. మందు విషయంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు అదనంగా వర్తిస్తాయి.

శిక్షలు ఇలా

2019లో పార్లమెంటు ఆయుధాల చట్టాన్ని సవరించింది. ఆ ఏడాది డిసెంబరు 14 నుంచి సవరణ అమలులోకి వచ్చింది. దీని ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు లేదా మందుగుండు తయారుచేసినవారికి ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. లైసెన్సు లేకుండా సాధారణ తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉంటే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు. నిషిద్ధ రకానికి చెందినవైతే ఏడేళ్ల నుంచి 14 ఏళ్ల వరకు శిక్ష పడుతుంది. లైసెన్సు షరతులను ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రూ. 2,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

పెళ్లిళ్లు, ఊరేగింపులలో గాలిలోకి కాల్పులు జరిపేవారిని కూడా ఈ సవరణ ప్రత్యేకంగా నేరస్థులుగా పేర్కొంది. ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగించేలా నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు లేదా రూ. లక్ష వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. ఒక వ్యక్తి వద్ద ఉండదగిన ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించడం, లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచడం ఇదే సవరణలోని ఇతర మార్పులు.

తాతల నాటి రివాల్వర్ ఉంటే

తూటాలు సొంతంగా నింపుకోవాలన్న ఆలోచన కొన్ని కుటుంబాలలో సరదా కోసం కాక అవసరం కొద్దీ కలుగుతుంది. జిల్లాల నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన పాత భూస్వామ్య కుటుంబాలలో తాతల నాటి వెబ్లీ వంటి పెద్ద బోరు రివాల్వర్లు ఉండవచ్చు. వాటికి తూటాలు బజారులో దొరకవు. ఖాళీ తొడుగులు మాత్రం బీరువాలో ఉంటాయి. అటువంటివారు ముందుగా ఆయుధం ఏ తరగతికి చెందుతుందో తెలుసుకోవాలి.

ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూలు ప్రకారం .380, .455 తూటాలను గానీ, సైన్యం వాడే 9 ఎం.ఎం., .45 తూటాలను గానీ పేల్చగల రివాల్వర్లు, పిస్తోళ్లు నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. వీటికి లైసెన్సు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే. మిగిలినవి సాధారణ బోరు. వాటికి స్థానిక అధికారులు లైసెన్సు ఇస్తారు.

లైసెన్సుదారు మరణించినప్పుడు వారసులు ఆ ఆయుధం కోసం దరఖాస్తు చేసుకునే వీలును 2016 నిబంధనలు కల్పించాయి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, లేదా ఆయుధం ఆయన వద్ద 25 ఏళ్లుగా ఉన్నా, జీవించి ఉండగానే చట్టబద్ధ వారసునికి బదలాయించేందుకు కోరవచ్చు. దరఖాస్తుపై నిర్ణయం వెలువడే వరకు ఆయుధాన్నీ, తూటాలనూ పోలీసుస్టేషనులో గానీ లైసెన్సు పొందిన డీలరు వద్ద గానీ భద్రపరచాలి. 21వ సెక్షన్ దీనికి సంబంధించినదే. ఇంట్లో పెద్దాయన చనిపోయిన తర్వాత రివాల్వర్‌ను బీరువాలోనే వదిలేయడం వారసులను తెలియకుండానే నేరంలోకి నెడుతుంది.

తూటాలు ఎక్కడి నుంచి వస్తాయి

సాధారణ లైసెన్సుదారు తూటాలను లైసెన్సు పొందిన డీలరు వద్దనే కొనాలి. ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్న పరిమితి లైసెన్సులోనే ఉంటుంది. కొన్న ప్రతిసారీ డీలరు ఆ వివరాలను నమోదు చేస్తారు. లెక్క సరిపోకపోతే రెన్యువల్ సమయంలో సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. ఇంట్లో నింపిన తూటాకు ఈ లెక్కలో చోటే లేదు.

దేశంలో ఎక్కువగా దొరికేది .32 బోరు రివాల్వర్, దాని తూటాలు. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వరంగ సంస్థలుగా విభజించారు. కాన్పూరు కేంద్రంగా ఉన్న సంస్థ రివాల్వర్ల తయారీని, పుణె కేంద్రంగా ఉన్న మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ తూటాల తయారీని చూస్తున్నాయి. 1869లో స్థాపించిన పుణె సమీపంలోని ఖడ్కీ మందుగుండు కర్మాగారం ఇప్పుడు ఈ రెండో సంస్థ కిందనే ఉంది. మహిళల కోసమంటూ 2014లో విడుదలైన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్లు రెండూ .32 బోరువే.

సైబరాబాద్‌లో లైసెన్సు పొందే విధానం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మాదాపూర్ రూపురేఖలు మారాయి. ఐటీ ప్రాంతం విస్తరించడంతో 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్‌ను ఏర్పాటు చేశారు. 2016లో దాని తూర్పు భాగాన్ని వేరుచేశారు. కమిషనరేట్ ఉన్నచోట ఆయుధ లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనరుకు ఉంటుంది.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. నిర్ణీత ఎ-1 ఫారంలో దరఖాస్తు చేయాలి. గుర్తింపు, నివాస ధ్రువపత్రాలు, వైద్య ధ్రువీకరణ, ఆయుధాన్ని భద్రంగా ఉంచగలనన్న హామీపత్రం, ఆయుధ భద్రతపై శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం జతచేయాలి. స్థానిక పోలీసులు విచారించి నివేదిక పంపుతారు. ప్రాణాపాయం వంటి కారణం నిజమేనా, దరఖాస్తుదారుపై కేసులు ఉన్నాయా అన్నవి పరిశీలిస్తారు. లైసెన్సు హక్కుగా లభించేది కాదు. తిరస్కరిస్తే 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే వీలుంది. మంజూరైన ప్రతి లైసెన్సుకూ జాతీయ సమాచార నిధిలో ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చినప్పుడు అధికారులు ఆదేశిస్తే ఆయుధాన్ని అప్పగించాలి.

విమానాశ్రయంలో ఒక్క తూటా చాలు

అమెరికాలో షూటింగ్ రేంజికి వెళ్లినప్పుడు జ్ఞాపకంగా తెచ్చుకున్న తూటా, కీచైనుగా వాడుతున్న తూటా, బంధువుల సంచీ మూలలో ఎప్పటిదో మిగిలిపోయిన తూటా విమానాశ్రయంలో ఎక్స్‌రే తనిఖీలో బయటపడితే ప్రయాణం అక్కడితో ఆగుతుంది. ఆయుధాల చట్టం కింద కేసు నమోదు కావచ్చు.

తన వద్ద తూటా ఉన్నట్లు తెలిసి ఉండడం ఈ నేరానికి మూలమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనూ, 1994లో సంజయ్ దత్ కేసులోనూ స్పష్టం చేసింది. సంచీలో ఒకే తూటా పొరపాటున ఉండిపోయిందని తేలిన పలు సందర్భాలలో హైకోర్టులు కేసులను కొట్టివేశాయి. అయితే ఆ ఉపశమనం లభించేది కోర్టు మెట్లెక్కిన తర్వాతనే. ఈలోగా విమానం తప్పిపోతుంది, పాస్‌పోర్టు, వీసా పనులకు అడ్డంకులు వస్తాయి, ఉద్యోగానికి సంజాయిషీ ఇవ్వవలసి వస్తుంది. ప్రయాణానికి ముందు సంచీని పూర్తిగా ఖాళీచేసి చూసుకోవడం ఐదు నిమిషాల పని.

చిన్న విడిభాగాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఖాళీ తొడుగులతోపాటు ప్రైమర్లు, మందు, యంత్రం కలిపి దొరికితే ఆ మినహాయింపు పనిచేయదు. విడిభాగాన్ని దాని జోడు భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండరాదన్నది అందులోని షరతు.

అమెరికాలో ఉన్నవారికీ హెచ్చరిక

ఇక్కడి కుటుంబాలలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఎందరో. అక్కడ అందరికీ తుపాకీ హక్కు ఉందన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. హెచ్-1బి, హెచ్-4, విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. స్నేహితుని గ్యారేజీలో సరదాగా తూటాలు నింపినా, వాటిని దగ్గర ఉంచుకున్నా ఇదే చట్టం అడ్డువస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అయినా రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి గనుక వాటిని చూసుకోవాలి.

ఆసక్తి ఉన్నవారికి సరైన దారి

గురిపెట్టి కాల్చడంపై ఆసక్తి ఉన్నవారికి ఐటీ ప్రాంతంలోనే మంచి అవకాశం ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థకు చెందిన షూటింగ్ రేంజి ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదీయే. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీము స్వర్ణంతో కలిపి నాలుగు పతకాలు సాధించిన ఈషా సింగ్ కూడా ఈ నగరం అమ్మాయే.

4.5 ఎం.ఎం. బోరుకు మించని, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అవసరం లేదు. అందువల్ల మొదటి అడుగు దీనితో వేయడం మేలు. పెద్ద బోరు చేతి ఆయుధాలపై ఆసక్తి ఉన్నవారికి 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీ ఉంది. 1994 హిరోషిమా, 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘం ద్వారా పేరు నమోదు చేసుకుని, అర్హత మార్కులు సాధించిన క్రీడాకారులకు అదనపు ఆయుధాలు, ఎక్కువ తూటాలు పొందే వీలుంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఈ పరిమితులను పెంచింది. పేరున్న షూటర్లు గరిష్ఠంగా 12 ఆయుధాల వరకు మినహాయింపు కింద ఉంచుకోవచ్చు. తూటాలు తక్కువపడి సాధన సాగడం లేదనుకునేవారికి చట్టం చూపిన దారి ఇది.

లైసెన్సుదారులు గుర్తుంచుకోవలసినవి

* లైసెన్సులో రాసిన బోరు, రివాల్వర్ గొట్టంపై ఉన్న ముద్ర, తూటా అడుగున ఉన్న ముద్ర మూడూ ఒకటే అయి ఉండాలి.
* తూటాలు లైసెన్సు ఉన్న డీలరు వద్దనే కొనాలి. రసీదులు భద్రపరచాలి.
* ఎవరో ఇంట్లో నింపి ఇచ్చిన తూటాను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. చట్టం అటుంచి, చేతి వేళ్లకే ముప్పు.
* పేల్చినప్పుడు శబ్దం తక్కువగా వినిపిస్తే అక్కడితో ఆపివేయాలి. గొట్టంలో గుండు ఇరుక్కుని ఉండవచ్చు. నిపుణుడు పరిశీలించాకనే మళ్లీ వాడాలి.
* తూటా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిశలోనే ఉంచి కొంతసేపు వేచి ఉండాలి. వెంటనే సిలిండర్ తెరవరాదు.
* పచ్చగా చిలుము పట్టిన, పగుళ్లు కనిపిస్తున్న పాత తూటాలను పారవేయరాదు, పూడ్చరాదు. పోలీసుస్టేషనులో గానీ డీలరు వద్ద గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి.
* రివాల్వర్, తూటాలు వేరువేరు తాళాల కింద ఉంచాలి. తాళాలు పిల్లలకు, పనివారికి అందరాదు.
* ఆయుధం గానీ తూటాలు గానీ పోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి.
* లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూసుకోవాలి. వేరే రాష్ట్రానికి వెళ్లేముందు ఇది తప్పనిసరి.
* ఇల్లు మారితే కొత్త చిరునామాను లైసెన్సు అధికారికి తెలియజేయాలి.
* విదేశాల నుంచి తిరిగివచ్చేవారు తూటా, తొడుగు, ప్రైమర్, నింపే పనిముట్లు ఏవీ సామానులో తేరాదు. తేదలచినవారు ముందుగా దిగుమతి లైసెన్సు తీసుకోవాలి.